మా మేష్ట్రు ఎదురుచూసిన తప్పు

మా మేష్ట్రు పోయారు. ఆయన భార్యే, మేమంతా అమ్మా అని పిలిచే ఆమే, ఫోన్ చేసి చెప్పింది.

"పొద్దున్నే కాఫీ తాగినాడు పాపా. పేపరు చదివినాడు. దాంట్లో ఏదో తప్పు అచ్చేసినారని నగినాడు. పెన్ను తెమ్మన్నాడు. నేను లోపలికి పోయి తెచ్చేలోపల కుర్చీలో అట్లే ఒరిగిపోయినాడు."

అంతవరకూ నిబ్బరంగా చెప్పిన మనిషి అక్కడ ఆగిపోయింది. కాసేపటికి ఆమే తేరుకుని, "ఆ తప్పేందో నాకు కనపడల్యా. నువ్వొచ్చి చూసి చెప్పు," అంది.

బెంగుళూరు నుంచి మధ్యాహ్నానికి మా ఊరు పావగడ చేరాను. అన్నీ అయిపోయాక, ఇంటినిండా జనం ఉండగానే, ఆమె ఆ పేపరు తెచ్చి నా చేతిలో పెట్టింది. సోలార్ పార్కు గురించిన వార్త. కిలోవాట్ అవర్ అని ఉండాల్సిన చోట ఉత్త కిలోవాట్ అని పడింది. వేలు పెట్టి చూపించాను. "ఇంతేనా!" అని ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. నేనూ నవ్వాను. చావింట్లో నవ్వినందుకు ఎవరో పెద్దాయన మావైపు గుర్రుగా చూశాడు. మా మేష్ట్రు ఉండి ఉంటే ఆ పెద్దాయనకు కూడా కిలోవాట్ అంటే ఏమిటో చెప్పి గాని వదిలేవారు కాదు.

ఇది ఏడుపు రాత కాదని ముందే చెప్పుకుంటున్నాను. ఏడవాల్సింది ఏడ్చేశాను. ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా వచ్చేది ఉత్సాహమే. అంత హుషారైన మనిషిని గురించి నీరసంగా రాయడం నా వల్ల కాదు.

మాది పావగడ బజారులో పాత్రల అంగడి. ఆయన పీయూ కాలేజీలో, అంటే ఇంటర్లో, నాకు ఫిజిక్స్ చెప్పారు. ఆయన క్లాసులో ఒక ఆచారం ఉండేది. పాఠంలో ఆయన తప్పు ఎవరు పట్టుకుని రుజువు చేసినా వాళ్ళకు ఒక నిప్పట్టు. బియ్యప్పిండిలో కారం, శెనక్కాయ పలుకులు దట్టంగా వేసి ఇంట్లో అమ్మ నూనెలో కాల్చిన నిప్పట్టు. స్టీలు డబ్బా బల్లమీద పెట్టుకునే పాఠం మొదలుపెట్టేవారు. మేము పాఠం వినేది అర్థం చేసుకోవడానికి కాదు, డబ్బా మూత తీయించడానికి. అట్లా వింటే పాఠం దానంతట అదే అర్థమైపోయేది. ఆ మోసం మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

"ఆయప్ప తప్పులు చేసేది, నేను నిప్పట్లు చేసేది. ఏం సంసారమో ఇది," అని అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరితో అనేది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనుషులు మన చుట్టూ బోలెడు మంది. మా మేష్ట్రు తాను పట్టిన కుందేలును మన చేతికిచ్చి నాలుగో కాలు వెతకమనేవారు. దొరికితే ఆయనకు పండగ.

కానీ ఒక్క మాట దగ్గర మాత్రం ఆయన దొరికేవారు కాదు. కరెంటు పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేవారు: బంధం తెగకుండా గుణం మారదు. ఒక పదార్థంలో పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కదా, ఆ పట్టు తెంచి వేరే రకంగా కడితే తప్ప, దానిలో ఎలక్ట్రాన్లు నడిచే తీరు మారదని ఆయన మాట. వేడి మార్చకుండా, కల్తీ కలపకుండా, ఊరికే అటు తిప్పి ఇటు తిప్పి పెడితే ఏమీ కాదని.

ఒకరోజు నేను లేచి, "మరి వజ్రమూ, పెన్సిల్ ముల్లూ రెండూ కార్బనే కదా సార్? ఒకటి కరెంటు పోనీదు, ఒకటి పోనిస్తుంది," అన్నాను.

"భేష్! కానీ ఆడ బంధాలు వేరేగా కట్టి ఉండాయి పాపా. నా మాటే నిలబడినాది." అని డబ్బా తీసి, ఒక నిప్పట్టు విరిచి, "సగం ప్రశ్నకి సగం," అని చేతిలో పెట్టారు.

ఆ సగం నిప్పట్టు నన్ను ఎంత కుదిపిందంటే, చివరికి పెన్సిల్ ముల్లు మీదే పరిశోధన చేసే దారిలో పడ్డాను.

పక్క ఊరు క్యాతగానచెర్లులో ఆయన భాగానికి వచ్చిన భూమి కొంత సోలార్ పార్కు కిందికి పోయింది. చాలామంది భూమి ఇచ్చాక అటువైపు తిరిగి చూడటానికి మనసొప్పక బాధపడ్డారు. ఈయన ప్రతి వారం వెళ్ళి కంచె పట్టుకుని నిలబడేవారు. "వాన కోసం మొగులు చూసి చూసి మా నాయన మెడ పట్టేసినాది. ఇప్పుడు మొగులే లేకుంటే మేలు. అదే ఎండ, అదే భూమి, పంట మాత్రం ఎలక్ట్రాన్లు!" అని దారినపోయే వాళ్ళను ఆపి చెప్పేవారు. సోలార్ పలకలు తుడిచే ఆడవాళ్ళు ఆయన్ని చూస్తే దూరం నుంచే, "మేష్ట్రు వచ్చినాడు, పని ఆగినట్లే," అని నవ్వుకునేవాళ్ళు. నిజంగానే ఆగేది. వెలుతురు తగిలి ఎలక్ట్రాన్ ఎట్లా ఎగిరి లేస్తుందో చెప్పడానికి ఆయన కంచె ఇవతల తానే ఎగిరి చూపించేవారు. గుండె బాగాలేదని డాక్టరు చెప్పిన తరువాత కూడా ఎగిరేవారు.

గుండె సంగతి తెలిసిన ఏడాదే నేను సెలవుకు వచ్చి, వాళ్ళింటి వరండాలో కూర్చుని, బెంగుళూరు ల్యాబులో నా పని ఏమిటో చెప్పాను.

పెన్సిల్ ముల్లు అంటే పొరలు పొరలుగా పేర్చిన కార్బన్. గమ్ టేపు అంటించి లాగితే పొరలు ఊడివస్తాయి. మళ్ళీ మళ్ళీ లాగితే ఒక్క పరమాణువంత మందం మాత్రమే ఉన్న పొర దొరుకుతుంది. అందులో కార్బన్ పరమాణువులు తేనెపట్టు గదుల్లా ఆరేసి మూలలుగా అల్లుకుని ఉంటాయి. అంతకంటే పలచన చేయడం కుదరదు.

"గమ్ టేపుతోనా? అంగట్లో దొరికే గమ్ టేపుతోనా?" అని ఆయన కుర్చీలోంచి లేచారు. లోపలికి వెళ్ళి పెన్సిలూ టేపూ తెచ్చి అక్కడికక్కడే లాగడం మొదలుపెట్టారు. టేపు మీద బూడిద రంగు మరక పలచబడుతూ పోతుంటే చిన్నపిల్లాడిలా కిటికీ వెలుతురుకు పట్టి చూశారు.

అప్పుడు అసలు మాట చెప్పాను. ఆ ఒంటి పొరను రెండుగా చించి, ఒకదానిమీద ఒకటి పెట్టి, పై పొరను ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువగా తిప్పితే చాలు, ఎలక్ట్రాన్ల నడక పూర్తిగా మారిపోతుంది సార్, అన్నాను. బాగా చల్లబరిస్తే ఒక్కోసారి కదలకుండా మొండికేస్తాయి, ఒక్కోసారి ఏ అడ్డూ లేకుండా జారిపోతాయి. లోకంలో కొందరు చేసి చూశారు, మేమూ చేయాలని చూస్తున్నాం అని.

"బంధం ఏమైనా తెగినాదా?"

"ఒక్కటీ తెగలేదు సార్. ఊరికే తిప్పడమే."

ఆయన టేపు కింద పెట్టారు.

"లోకం చేసినాదని నేను ఒప్పుకునేది ల్యా. నువ్వు చెయ్యి. నా కండ్ల ముందర చెయ్యి. తిప్పిందీ, తిప్పందీ, రెండూ ఒకే చలిలో పెట్టి చూపించు." ఆయన ముఖంలో కోపం ఏమాత్రం లేదు. మెరిసిపోతోంది. "నా సర్వీసంతా అదే మాట చెప్పినాను పాపా. అది తప్పయితే నాకు అంతకన్న సంతోషం ఏముండాది? కానీ తొందరగా పట్టు. డాక్టరు నాకు సగం గుండే ఉండాది అంటాడు."

"పోయే మాటలు ఎత్తొద్దని ఎన్నితూర్లు చెప్పల్ల?" అని అమ్మ లోపలినుంచి అరిచింది.

అట్లా నా పరిశోధనకు ఒక గడువు పడింది. మా గైడు పెట్టిన గడువును అటూ ఇటూ జరపవచ్చు. ఈ గడువును జరపలేం.

నేను వెళ్ళిపోయాక ఆయన చేతులు ముడుచుకుని కూర్చునే రకమా? మంగళవాడలో ఆయనకు ఇంకా శెనక్కాయ పొలం ఉండేది. వానలు పడి, గొర్రుతో విత్తనం వేసి, పైరు లేచాక, సాళ్ళ మధ్య కలుపు పోవడానికి గుంటక తోలుతారు. గుంటక సాలు వెంబడే పోవాలి. పసిపిల్లాడికి కూడా తెలుసు. పక్కకు ఒరిగితే ఇనుప పలక పైరును కోసేస్తుంది. మా మేష్ట్రు ఎద్దులు తోలే మనిషిని పిలిచి, ముందుగా పొలం పై చెక్కలో, అంటే పై ముక్కలో, గుంటకను సాలుకు రవ్వంత అడ్డంగా, ఈ చివరినుంచి ఆ చివరిదాకా అదే వాలులో తోలమన్నారు.

"తెగిపోతాది సారూ!" అని అతను మొత్తుకున్నాడట.

"తెగనీ. యాడ తెగుతాదో, యాడ తెగదో అదే నాకు కావాల్సింది."

అతను ఎద్దులకు దండం పెట్టి తోలాడట. ఆ సాయంత్రానికి మేష్ట్రుకు మతి చలించిందని మంగళవాడ అంతా తెలిసిపోయింది. అమ్మ ఆయనతో మాట మానేసింది. ఆయన మాత్రం నాకు ఫోన్ చేసి ఒకటే కేకలు. "రా పాపా, రేపే రా, ఆదివారమే కదా! వాన పడితే కలిసిపోతాది. పరిగెత్తి రా!"

వెళ్ళాను. పొలం పక్కన ఉన్న గుట్ట ఎక్కించారు. ఆయాసం వస్తున్నా ఆగలేదు. పైనుంచి చూడగానే నేను గుట్ట మీదే చతికిలబడ్డాను. సాళ్ళు ఉత్తరం దక్షిణంగా ఉన్నాయి, జానెడు జానెడు ఎడంతో. కానీ పొలం మీద తూర్పు పడమరగా వెడల్పైన పట్టీలు లేచాయి. ఒక పట్టీ పచ్చగా, ఒక పట్టీ బోడిగా, మళ్ళీ పచ్చగా. గుంటక పలక సాళ్ళ మధ్యన పడ్డచోట పైరు బతికింది, సాలు మీద పడ్డచోట తెగింది. ఒక్కో పట్టీ ఎద్దులబండి నిలిచేంత వెడల్పు. కింద నిలబడితే ఏమీ తెలియదు.

"ఈ పట్టీలు ఎవురు గీసినారు? గొర్రు గీయల్యా. గుంటక గీయల్యా. రెంటి మధ్య ఉండే ఆ రవ్వంత వాలు గీసినాది!" ఆయన గాలిలో చేతులు ఊపుతున్నారు. "ఆ పక్క చెక్క చూడు, ఆడ ఇంకా తక్కువ వాలులో తోలించినా. పట్టీ ఇంకా పెద్దదాయ. ఎంత తక్కువ తిప్పితే అంత పెద్ద బొమ్మ. నీ పొరల్లో కూడా ఇంతే కదా?"

"ఇంతే సార్. మావి సాళ్ళు కాదు, తేనెపట్టు గదులు. అందుకని పట్టీలకు బదులు బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తుంది. పరమాణువుల అల్లిక మీద ఇంకో పెద్ద అల్లిక. ఎలక్ట్రాన్ ఆ పెద్ద అల్లికలో చిక్కుకుని నెమ్మదిస్తుంది."

"చిక్కుకుంటాదని ఎవురు చెప్పినారు? ఇది నా కంటికి కనపడే బొమ్మ. ఎలక్ట్రాన్‌కి కన్నుందా? బొమ్మ ఉండాదని ఒప్పుకున్నా. బొమ్మకి ఎలక్ట్రాన్ లొంగుతాదని నువ్వే చూపించల్ల."

పైరు సగం నాశనం చేసుకుని కూడా ఆయన సగమే ఒప్పుకున్నారు. కోసేసిన పైరు మేకలకు పోయింది. దిగి వస్తుంటే పక్క పొలమాయన అడ్డం వచ్చి, "అయ్యిందేందో అయింది, వచ్చే వానకి మా పొలంలో తోలొద్దు సామీ," అని దండం పెట్టాడు.

ఆ తరువాత నేను పడిన తిప్పలు ఒకటి కాదు. తిప్పి పెట్టిన పొర వేడి తగలగానే మళ్ళీ పాత తీరుకే జారిపోయేది. పొరల మధ్య బుడగలు చేరేవి. ఒక మూల సరిగ్గా తిరిగితే ఇంకో మూల తిరిగేది కాదు. అటు అమ్మ ఫోన్లో, "ఈ నెల కాళ్ళు వాచినాయి," అనేది. "మళ్ళీ ఆస్పత్రికి పోయొచ్చినాం," అనేది. ఆయన ఫోన్ లాక్కుని, "అవన్నీ ఉండనీ, ఈతూరి యాడ జారినాది?" అనేవారు. పాడైన ప్రతి పొర కథా ఆయనకు కావాలి. నేను ఏడుపు గొంతుతో చెబితే, "తప్పు దొరకల్లంటే తప్పులు చేయల్ల కదా తల్లీ," అనేవారు.

ఒకరోజు ఆయన అడిగారు. ఎలక్ట్రాన్ నెమ్మదిస్తే అడ్డు పెరగాలి గదా, అడ్డే లేకుండా ఎట్లా పోతుంది అని. నేను నాకు వచ్చిన లెక్కలన్నీ చెప్పాను. అంతా విని ఆయన అన్నారు: "శనివారం మన శనిమహాత్ముని గుడి కాడ చూసినావా? బస్సు దిగి పరిగెత్తేటోనికి పక్కోడు కనపడడు. క్యూలో ఇరుక్కున్నాక మాత్రం ముందరోని కష్టం, వెనకోని కష్టం అన్నీ తెలిసిపోతాయి. గుడి తలుపు తీస్తే క్యూ మొత్తం ఒకే మనిషిగా కదుల్తాది. నెమ్మదైతేనే ఒకరికొకరు తగిలేది, తగిలితేనే జత కలిసేది. అంతేనా?"

సుమారుగా అంతే. దాన్ని ఇప్పటికీ నేను ల్యాబుకు కొత్తగా వచ్చే పిల్లలకు ఆయన మాటల్లోనే చెబుతాను.

చివరికి ఒక పొర నిలిచింది. దాని పక్కనే, తిప్పకుండా మామూలుగా పేర్చుకుని ఉన్న జంట పొరను కూడా పెట్టాను, ఆయన అడిగినట్లే. చల్లబరిచే యంత్రంలోకి దించకముందే ఫోన్ చేశాను. డాక్టరు ప్రయాణం వద్దన్నాడని అమ్మ చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ మా ల్యాబు గుమ్మంలో ఉన్నారు. అమ్మ చేతిలో స్టీలు డబ్బా.

"ఎంత చలి లోపల?" అని అడిగారు. నక్షత్రాల మధ్య ఉండే ఖాళీ కంటే ఎక్కువ చలి సార్ అన్నాను. "బెంగుళూరులోనా!" అని యంత్రానికి దూరంనుంచే దండం పెట్టారు.

ముందు తిప్పని జంట. తెరమీద అడ్డు ఎంతో చూపించే గీత మామూలుగా నడిచింది. చలి పెరిగినా అడ్డు ఉండనే ఉంది. ఆయన తల ఊపారు. తరువాత తిప్పిన జంట. గీత కాసేపు అట్లాగే నడిచి, ఒకచోట తల వంచి, జారి, నేలమీద పడుకుంది. అడ్డు లేదు.

ల్యాబులో అందరం ఆయన ముఖం చూస్తున్నాం. ఆయన చప్పట్లు కొట్టలేదు. "తీగలు ఒకదానికొకటి తగులుకోల్యా కదా?" అన్నారు. నాకు ఆయన కాళ్ళమీద పడాలనిపించింది. అదీ మేష్ట్రు అంటే. తీగలు తగులుకుని అడ్డు లేనట్టు చూపిస్తుంటే వేడి చేసినా అట్లాగే ఉండాలి సార్, వేడి చేసి చూద్దాం అన్నాను. మెల్లగా వేడి చేశాం. గీత లేచి నిలబడింది. మళ్ళీ చల్లార్చాం. మళ్ళీ పడుకుంది. "ఇంకోతూరి," అన్నారు. లేచింది. పడుకుంది.

ఆయన కుర్చీలోంచి లేచి గుమ్మం దగ్గరికి ఉరికారు. అమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఏమే, నేను తప్పు! నా సర్వీసంతా తప్పు చెప్పినాను!"

"ఈ మాట కోసం ఇంత దూరం రావల్లనా? అడిగింటే ఇంట్లోనే చెప్పిందును కదా," అంది అమ్మ.

ల్యాబు ల్యాబంతా నవ్వుల్లో మునిగిపోయింది. డబ్బా మూత తెరుచుకుంది. నాకు నిండు నిప్పట్టు దక్కింది. ఆయన నేను తినడం పూర్తయ్యేదాకా ఎదురుగా నిలబడి చూశారు. నేను తింటూ ఏడ్చాను, ఎందుకో చెప్పలేను.

కాసేపయ్యాక ఆయన ఉన్నట్టుండి దిగులుపడ్డారు. "ఎంతమందికి చెప్పినాను పాపా ఆ మాట! ఎన్ని బ్యాచిలు! ఒకడు ఆస్పత్రిలో పని చేస్తుండాడు, ఒకడు అరసికెరెలో సేద్యం చేస్తుండాడు, ఇంకొకడు యాడుండాడో తెలీదు. వాళ్ళందరూ తప్పు పెట్టుకుని తిరుగుతుండారు. చెప్పల్ల కదా?"

"చెప్పొచ్చులే సార్, ముందు ఒంట్లో బాగుకానీండి," అన్నాను.

"బాగయ్యేదాకా ఆ తప్పు ఊరుకుంటాదా?"

పావగడ బస్సు ఎక్కించడానికి నేనూ వెళ్ళాను. అమ్మకు కిటికీ సీటు ఇచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చి ఆయన్ని చూసి, చటుక్కున చేతులు జోడించాడు. పాత విద్యార్థి. "బాగుండారా సార్?" అన్నాడు.

"నేను బాగుండేది ఉండనీ. నీకు కరెంటు పాఠంలో ఒకటి తప్పు చెప్పినానప్పా. ఇట్ల రా, ఆ మిషన్ పక్కన పెట్టు."

బస్సు బయలుదేరే వేళయింది. నేను కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడ్డాను. నేను ఆయన్ని ప్రాణంతో చూడటం అదే చివరిసారి. కండక్టరు టిక్కెట్ మిషన్ చంకలో పెట్టుకుని, ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టాడు. మా మేష్ట్రు వంగి, అతని మణికట్టు పట్టుకుని, పై చేతిని రవ్వంత తిప్పారు. "ఇంతేనా సార్?" అన్నట్టు కండక్టరు కళ్ళు పెద్దవి చేశాడు. ఇంతే అన్నట్టు ఆయన తల ఊపారు. వెనక సీట్లోని వాళ్ళు కూడా లేచి చూస్తున్నారు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. కండక్టరు మాత్రం విజిల్ వేయడం మరిచిపోయి, తన చేతులను తానే చూసుకుంటూ నిలబడ్డాడు.